రాస్ చేప ఎక్కడ పడుకుంటుందో తెలుసుకున్నాకే కొనాలి

సంపాదకులకు నమస్కారం.

ఉప్పునీటి అక్వేరియం గురించి పత్రికలో కథనం వస్తే పక్కన వేసే ఫొటోలో చాలాసార్లు రాస్ చేపే ఉంటుంది. ఎరుపు, ఊదా, పసుపు, నీలం ఒకే ఒంటి మీద మెరుస్తుంటే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. ఆ కథనాల్లో ఉప్పు ఎంత కలపాలి, ఏ ఫిల్టర్ పెట్టాలి, లైటు ఎన్ని గంటలు వెలగాలి అన్నీ రాస్తారు. ఆ చేప రాత్రిపూట ఎక్కడ పడుకుంటుందో మాత్రం ఒక్క ముక్కా రాయరు. రాస్‌ల విషయంలో మొదట అడగాల్సింది అదే. అడుగున ఇసుక ఎంత పోయాలి, మూత ఎలా బిగించాలి, కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకులో ఏమేం పెట్టాలి అన్నవి చాలావరకు దాని నిద్రను బట్టే తేలతాయి. నీళ్ల పరీక్షలన్నీ సరిగ్గా వస్తున్నా చేప చనిపోయిందంటే తరచూ కారణం ఇక్కడే ఉంటుంది. ఈ చేపలను పెంచుతున్నవాళ్లుగా ఆ లోటు కొంతైనా పూడ్చాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

రాస్‌లది లాబ్రిడే కుటుంబం. 500కు పైగా జాతులున్నాయి. వేలెడంత ఉండే ఫ్లాషర్ రాస్ మొదలుకొని రెండు మీటర్లకు పెరిగే నెపోలియన్ రాస్ దాకా అన్నీ ఇందులోవే. నెపోలియన్ రాస్ వ్యాపారంపై ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కింద నియంత్రణ ఉంది (2004లో ఆ జాబితాలో చేర్చారు) కాబట్టి, పిల్ల చేప అని చూపించినా దాని జోలికి వెళ్లకూడదు. ఇళ్లలో పెంచే మిగతా వాటిని రెండు గుంపులుగా చూస్తే చాలు. ఫెయిరీ, ఫ్లాషర్, సిక్స్‌లైన్, పోసమ్ రాస్‌లు రాళ్ల సందుల్లో పడుకుంటాయి. హాలికోరిస్, లెపర్డ్, కోరిస్, ఆనాంప్సిస్ జాతులు చీకటి పడుతుండగానే ఇసుకలో దూరిపోయి తెల్లారేదాకా అందులోనే ఉంటాయి.

ఇసుకలో పడుకునే చేపకు ఇసుక లేకపోతే ఏమవుతుందో చూడండి. లైటు ఆరగానే అది తలకిందులుగా అడుగుకు దూసుకెళ్తుంది. అక్కడ గాజు తగులుతుంది. మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ తగులుతుంది. నాలుగైదు రాత్రుల్లో మూతి చర్మం ఊడి, ఆ పుండులో బ్యాక్టీరియా చేరి, నోరు తెరవలేక తిండి మానేస్తుంది. రవాణా సంచిలోనే ఈ గాయంతో వచ్చే లెపర్డ్ రాస్‌లు చాలా ఉంటాయి. అందుకే కొనేటప్పుడు రంగు చూడకముందు మూతి చూడాలి. పై పెదవి తెల్లబడినా, వాచినా, నోరు పూర్తిగా మూసుకోకపోయినా ఆ చేపను అక్కడే వదిలేయడం మంచిది.

10, 12 సెంటీమీటర్ల చేపకు 5 నుంచి 7 సెంటీమీటర్ల లోతు ఇసుక కావాలి. రేణువు 0.5 నుంచి 1.5 మి.మీ. మధ్య ఉండే ఆరగోనైట్ అనే సున్నపు ఇసుక అన్నిటికన్నా నయం. అంతకంటే సన్నదైతే నీళ్లను కదిలించే పంపు (వేవ్‌మేకర్) ధాటికి మూలలకు కొట్టుకుపోయి, అడుగు మధ్యలో బట్టబయలవుతుంది. దంచిన పగడపు ముక్కలు పోస్తే వాటి అంచులు పొలుసులను గీరేస్తాయి. రోజూ రెండుసార్లు ఆ ఇసుకలోంచి దూరి రావాల్సిన చేపకు ఆ గీరుడు చిన్న సంగతి కాదు. అడుగంతా ఇసుక పోయడం ఇష్టం లేనివాళ్లు 20 సెం.మీ. చదరంగా, 8 నుంచి 10 సెం.మీ. లోతున్న ఒక ట్రే నింపి రాళ్ల వెనక పెట్టినా సరిపోతుంది. ఇంకో జాగ్రత్త, చాలామంది పట్టించుకోనిది: లైవ్ రాక్‌ను, అంటే మేలు చేసే బ్యాక్టీరియా పట్టిన సముద్రపు రాళ్లను, ఇసుక మీద పేర్చకూడదు. రాళ్లను నేరుగా అడుగు గాజు మీద కుదురుగా నిలబెట్టి, ఇసుకను ఆ తర్వాత చుట్టూ పోయాలి. ఇసుక మీద పేర్చిన రాళ్ల కింద చేప తవ్వుకుంటూ పోతే గుట్ట మొత్తం కూలి చేప నలిగిపోతుంది. ఒక్కోసారి గాజూ పగులుతుంది.

కొత్తగా వదిలిన హాలికోరిస్‌గానీ లెపర్డ్‌గానీ ఇసుకలోకి పోయి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం దాకా పైకి రాకపోవచ్చు. చచ్చిపోయిందనుకొని గరిటెతో ఇసుక కెలికేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. బెదిరిన చేపను మళ్లీ బెదిరించడమే అవుతుంది. అమ్మోనియా పరీక్ష చేసుకుంటూ ఉండండి, అది సున్నా దగ్గరే ఉంటే వేచి చూడండి. బయటికి రావడం మొదలెట్టాక కూడా మొదట్లో మధ్యాహ్నం మూడింటికే పడుకోవచ్చు, లేదా తెల్లవారుజామున మీ లైటు వెలగకముందే తిరుగుతుండొచ్చు. అది తాను పుట్టిన సముద్రపు పగలు రాత్రుల లెక్క. వారం పది రోజుల్లో మీ లైటు వేళలకు సర్దుకుంటుంది. అందాకా అది పైన ఉన్న వేళ చూసి తిండి వేయాలి. మీ వేళకే వేస్తానంటే అది పస్తుంటుంది.

రాళ్లలో పడుకునే ఫెయిరీ, ఫ్లాషర్, సిక్స్‌లైన్‌లది వేరే పద్ధతి. రాత్రి టార్చి వేసి చూస్తే, సందులో కదలకుండా ఉన్న చేప చుట్టూ పారదర్శకమైన జిగురు పొర కనిపిస్తుంది, దాని మీద అక్కడక్కడ ఇసుక రేణువులు అంటుకొని ఉంటాయి. దీన్ని చూసి జబ్బనుకొని మందు పోసేవాళ్లున్నారు. అది చేప తనంతట తాను కట్టుకున్న దోమతెర. దగ్గరి బంధువులైన చిలుక చేపల మీద ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలో ఈ విషయం తేలింది. పొర ఉన్న చేపలను రక్తం పీల్చే చిన్న పురుగులు చాలా తక్కువగా కుట్టాయి, పొర తీసేసిన వాటిని విపరీతంగా కుట్టాయి. పొద్దున లేచాక ఆ పొర ముక్కలు నీళ్లలో తేలుతుంటే కంగారు పడనవసరం లేదు, మురికిని నురగగా తీసే స్కిమ్మర్ లాగేస్తుంది. ఈ చేపలకు కావాల్సింది వేలు దూరేంత సందులు, ఒక్కో చేపకు ఒకటికి రెండు. సందులు చాలకపోతే సాయంత్రం పూట వాటికోసమే కొట్లాడుకుంటాయి.

ఇక మూత. రెండు గుంపులకూ ఇది తప్పనిసరి. పగడపు దిబ్బ మీద బెదిరిన రాస్ ఏ దిక్కుకైనా పారిపోగలదు. ట్యాంకులో నాలుగు వైపులా గాజు, అడుగున ఇసుక. ఖాళీగా కనిపించేది పైవైపు ఒక్కటే. ఇంకో చేప తరిమినా, గదిలో లైటు ఠక్కున ఆరినా అది అటే ఎగురుతుంది. గాజు పలక మూతగా పెడితే నీటికీ గాలికీ మార్పిడి తగ్గుతుంది, వేడి లోపలే ఉండిపోతుంది. పలచటి ప్లాస్టిక్ షీటు వేడికి వంగిపోయి మూలల్లో సందు ఇస్తుంది. కిటికీ దోమతెరలకు వాడే అల్యూమినియం ఫ్రేములో 6 మి.మీ. కన్నాల పారదర్శకమైన ప్లాస్టిక్ వల రబ్బరు తాడుతో బిగించి చేసుకున్న మూతే అన్నిటికన్నా నమ్మకమైనది. 12 మి.మీ. కన్నాల వలలోంచి ఫ్లాషర్, పోసమ్ పిల్లలు తప్పించుకోగలవు. ఇనుప వల అసలే వద్దు, తుప్పు నీళ్లలోకి దిగుతుంది. ఫ్రేము మీద ఉప్పు పేరుకుంటుంది కాబట్టి వారానికోసారి మంచినీళ్లతో కడగాలి.

మూత పెట్టాక కూడా చేప నేల మీద దొరికిందంటే, అది ఫిల్టరైన నీళ్లను తిరిగి ట్యాంకులోకి తెచ్చే రిటర్న్ పైపు కోసం కోసిన సందులోంచో, హీటర్ వైరు మూల నుంచో, తిండి వేశాక మూయడం మరచిన మూత కిటికీలోంచో వచ్చి ఉంటుంది. చిటికెన వేలు దూరే సందులోంచి రాస్ దూరగలదని గుర్తుపెట్టుకొని ఒక్కో మూలా తడిమి చూడాలి. పైనీళ్లు ఫిల్టర్‌కు దిగే ఓవర్‌ఫ్లో పెట్టె మీద కూడా వల ఉండాలి. చేప కనబడకుండా పోతే ముందు అక్కడ, తర్వాత కింద ఉండే ఫిల్టర్ తొట్టె సంప్‌లో వెతకండి, బతికే ఉండొచ్చు. లైటును అరగంట పాటు మెల్లగా తగ్గించి ఆర్పితే, ట్యాంకు లైటు ఆరాక గది లైటు ఇంకాసేపు ఉంచితే, పొద్దున గదిలో వెలుగు వచ్చాకే ట్యాంకు లైటు వేస్తే సగం ఎగురుళ్లు తగ్గుతాయి. మొదటి వారమే ఎక్కువ ప్రమాదం.

నీళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాం, ఎందుకంటే ఇవి మిగతా సముద్రపు చేపలకు ఉన్నవే. ఉప్పు సాంద్రత 1.025 నుంచి 1.026, ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీలు, పీహెచ్ 8.1 నుంచి 8.4, అమ్మోనియా, నైట్రైట్ సున్నా. ఉప్పును రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి, దాన్ని 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో నెలకోసారి సరిచూసుకోండి. ఒక్క ఫ్లాషర్‌కు గానీ సిక్స్‌లైన్‌కు గానీ 150 లీటర్లు, ఫెయిరీలకు, చిన్న హాలికోరిస్‌లకు 250 నుంచి 300 లీటర్లు ఉండాలి. ఎత్తుకన్నా పొడవు ముఖ్యం. లెపర్డ్ రాస్‌ను మాత్రం ఏడాది వయసు నిండని ట్యాంకులో వేయొద్దు. పొద్దుటి నుంచీ రాళ్ల మీద కోపిపాడ్ల వంటి సన్నటి జీవులను ఏరుకొని తినే చేప అది. కొత్త రాళ్ల మీద దానికి తిండి ఉండదు.

రాస్‌లకు జీర్ణాశయం ఉండదు. నోట్లోకి పోయింది నేరుగా పేగులోకి వెళ్తుంది. ఒక్కసారే కడుపునిండా పెట్టి రోజంతా ఊరుకుందామంటే వీటి దగ్గర కుదరదు. రోజుకు కనీసం రెండుసార్లు, వీలైతే మూడుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత వేయాలి. గడ్డకట్టిన మిసిస్ రొయ్య మంచిది. బ్రైన్ ష్రింప్ అనే చిన్న ఉప్పునీటి రొయ్య ఒక్కదాంట్లో బలం ఉండదు, అది అలవాటు చేయడానికే. మిసిస్‌ను ట్యాంకు నీళ్లలో కరిగించి, సన్న జల్లెడలో వడగట్టి, ఆ రసం పారబోసి, చేపల విటమిన్ చుక్కల్లో పది నిమిషాలు నానబెట్టి వేయండి. ఆ రసం పోస్తే ఫాస్ఫేటు పెరిగి నాచు పడుతుంది. నోరు చిన్నది కాబట్టి గుళికలు 0.5 నుంచి 1 మి.మీ. ఉండేవే కొనాలి. తిండి సరిపోతోందా లేదా అన్నది పక్కనుంచి చూస్తే తెలియదు. చేప మీ వైపు తిరిగినప్పుడు ఎదురుగా చూడండి. తల వెనక వీపు కండ సన్నబడి, పొట్ట లోపలికి పోయి ఉంటే అది కొన్ని రోజులుగా పస్తుంటున్నట్టే.

క్వారంటైన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 60 నుంచి 100 లీటర్ల ఖాళీ ట్యాంకు, ముందే బ్యాక్టీరియా పట్టించిన స్పాంజి ఫిల్టర్, హీటర్, మూత. అవును, ఇక్కడా మూత. చాలా రాస్‌లు ఈ చిన్న ట్యాంకులోంచే ఎగిరి పోతాయి. రాళ్లలో పడుకునేవాటికి అంగుళం, అంగుళంన్నర పీవీసీ ఎల్బోలు (పైపు వంపు ముక్కలు) నాలుగైదు వేయండి. ఇసుకలో పడుకునేవాటికి ఒక గాజు గిన్నెలో ఇసుక పెట్టాలి. అయితే పరాన్నజీవులను చంపే రాగి మందు వాడుతున్నప్పుడు అది ఆరగోనైట్ కాకూడదు, శుభ్రంగా కడిగిన సిలికా ఇసుక కావాలి. ఆరగోనైట్ కాల్షియం కార్బొనేట్ కాబట్టి రాగిని లాగేసుకుంటుంది. మీరు పోసిన మందు ఇసుకలోకి పోతుంది, నీళ్లలో చాలినంత ఉండదు. పరాన్నజీవి బతికిపోతుంది, మీరేమో వైద్యం అయిపోయిందనుకొని చేపను పెద్ద ట్యాంకులో వదిలేస్తారు.

చేపను తెచ్చిన సంచిలో ఉప్పు సాంద్రత ముందు కొలవండి. అమ్మే చోట 1.019, 1.020 దగ్గర ఉంచడం మామూలే. క్వారంటైన్ నీళ్లను ముందే ఆ సాంద్రతకు తగ్గించి పెట్టుకుంటే, సంచిని 20 నిమిషాలు తేల్చి ఉష్ణోగ్రత సమం కాగానే చేపను మార్చేయొచ్చు. ఆ తర్వాత రోజుకు 0.001 చొప్పున పెంచుకుంటూ పోవాలి. దూరం నుంచి వచ్చిన సంచిని తెరిచి గంటసేపు చుక్క చుక్కగా నీళ్లు కలిపే పద్ధతి మేలు చేస్తుందనుకుంటారు గానీ, సంచి తెరవగానే అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, పీహెచ్ పెరిగితే అప్పటిదాకా పెద్దగా హాని చేయని అమ్మోనియా విషమవుతుంది.

పరాన్నజీవుల వల్ల వచ్చే తెల్లచుక్కల జబ్బు, వెల్వెట్ రెండూ రాస్‌లకు వస్తాయి. వెల్వెట్ పట్టిన చేప వేవ్‌మేకర్ ధారకు ఎదురుగా నిలబడి గబగబా మొప్పలు ఆడిస్తుంది. చుక్కలు కనిపించేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. రాగి మందుల్లో రెండు రకాలున్నాయి. కీలేటెడ్ రాగి (వేరే పదార్థంతో కట్టి ఉంచినది) లీటరుకు 2.0 నుంచి 2.5 మి.గ్రా. ఉంచాలి, మామూలు అయానిక్ రాగి (అలా కట్టకుండా విడిగా ఉండేది) 0.2 మి.గ్రా. దాటకూడదు. పది రెట్ల తేడా. ఒకదాని మోతాదు ఇంకోదానికి పోస్తే చేప బతకదు. ఏదైనా సరే నాలుగైదు రోజుల్లో మెల్లగా ఆ స్థాయికి తెచ్చి, రోజూ కొలిచి, 30 రోజులు అలాగే ఉంచాలి. లెపర్డ్, ఆనాంప్సిస్ జాతులు రాగికి త్వరగా నీరసిస్తాయి. తెల్లచుక్కలకు మాత్రమే అయితే వాటిని మందు లేకుండా 72 గంటలకోసారి ఆరబెట్టిన శుభ్రమైన ట్యాంకులోకి, కొత్త నీళ్లలోకి, కొత్త ఇసుక గిన్నెతో నాలుగుసార్లు మార్చడం మేలు. చేప నుంచి రాలిన పరాన్నజీవి పాత ట్యాంకులో పొదిగి మళ్లీ బయటికి వచ్చేలోపే చేప అక్కడ ఉండదు. వెల్వెట్‌కు ఈ పద్ధతి పనికిరాదు. రాగిని పెద్ద ట్యాంకులో ఎప్పుడూ పోయొద్దు. రొయ్యలు, నత్తలు, పగడాలు చనిపోతాయి, రాళ్లు దాన్ని పీల్చుకొని ఉంచుకుంటాయి.

ఏ చేపను ముందు వదలాలన్న దాంట్లో నియమం తేలికే. మెత్తనివి ముందు, పోట్లాటవి చివర. పోసమ్, ఫ్లాషర్, లెపర్డ్‌లు మొదట, ఫెయిరీ, హాలికోరిస్‌లు తర్వాత. సిక్స్‌లైన్‌ను వేయాల్సే వస్తే అన్నిటికన్నా చివర. ఏడెనిమిది సెంటీమీటర్ల ఆ చేప ట్యాంకు తనదనుకున్నాక కొత్తగా వచ్చిన దేన్నీ తిండి దగ్గరికి రానివ్వదు. రెండు ఫ్లాషర్లో, ఫెయిరీలో ఉన్న ట్యాంకుకు మా సలహా, దాన్ని అసలే తేవొద్దని. కొత్త చేపను మూడు నుంచి ఏడు రోజులు కన్నాలున్న పారదర్శకమైన పెట్టెలో ట్యాంకు లోపలే ఉంచితే పాతవాటి కోపం చల్లారుతుంది. పెట్టె గోడ దగ్గర దూకుడు ఆగాకే వదలాలి. పెట్టెకు కూడా మూత ఉండాలి, ఇసుకలో పడుకునేదైతే లోపల ఇసుక గిన్నె ఉండాలి.

రాస్‌ల్లో చాలా జాతులు ఆడగా మొదలై మగగా మారగలవు. గుంపులో పెద్ద ఆడది మగ లేని చోట కొన్ని వారాల్లో రంగు తిప్పుకుంటుంది. ఒకే జాతివి పెంచాలంటే ఒక మగ, రెండు మూడు ఆడవి తెచ్చి, ఆడవాటిని ముందు వదిలి, మగను తర్వాత వదలాలి. రెండు పెద్ద మగవి వద్దు. తెచ్చిన మగ ఫెయిరీ నెల తిరిగేసరికి వెలిసిపోయిందని చాలామంది అంటుంటారు. అది జబ్బు కాకపోవచ్చు. మెప్పించడానికి ఆడది, పోటీకి ఇంకో రాస్ లేనప్పుడు మగది ఆ మెరుపు చూపించడం మానేస్తుంది. ఒక ఆడ ఫెయిరీనో, వేరే జాతి ఫెయిరీనో తోడు వేస్తే రెక్కలు విప్పడం మళ్లీ మొదలవుతుంది.

కొనకూడనివి కూడా చెప్పాలి. ఎర్రటి ఒంటి మీద తెల్ల మచ్చలతో ముచ్చటగా ఉండే కోరిస్ గైమార్డ్ పిల్ల 40 సెంటీమీటర్లకు పెరుగుతుంది, రంగు పూర్తిగా మారిపోతుంది, నత్తలను, పీతలను నమిలేస్తుంది. కొట్టుకొస్తున్న సముద్రపు నాచు ముక్కలా ఉండే డ్రాగన్ రాస్ పిల్ల పెద్దదై పగడాలతో సహా రాళ్లన్నీ తిరగేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, నీలి చారల క్లీనర్ రాస్‌ను తేకండి. ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులు, జిగురు తిని బతికే చేప అది. నాలుగైదు చేపలున్న ట్యాంకులో దానికి తిండి ఉండదు, చిక్కి చనిపోతుంది. ఆస్ట్రేలియాలోని లిజార్డ్ దీవి దగ్గర కొన్ని పగడపు దిబ్బల నుంచి ఈ చేపలను ఎనిమిదేళ్లకు పైగా తీసేస్తూ వచ్చిన పరిశోధకులకు, అక్కడ మిగతా చేపల సంఖ్యా, రకాలూ తగ్గినట్టు కనిపించింది. 2019లో అద్దంలో తన ఒంటి మీది మచ్చను గుర్తించి రుద్దుకున్నట్టు తేలిన చేప కూడా ఇదే. తెల్లచుక్కలు పోతాయని దీన్ని అంటగట్టేవాళ్ల మాట వినకండి, దీనితో ఆ జబ్బు పోదు.

అమ్మకానికి వచ్చే రాస్‌లు దాదాపు అన్నీ సముద్రం నుంచి పట్టి తెచ్చినవే. మాల్దీవుల గులాబీ రంగు ఫెయిరీ రాస్‌కు శాస్త్రీయ నామం 2022లో పెట్టారు, ఆ పేరు పెట్టేనాటికే అది అక్వేరియం వ్యాపారంలో ఉంది. కాబట్టి అమ్మేవాళ్లకు మా విన్నపం: ట్యాంకు మీద ధరతో పాటు మూడు మాటలు రాయండి. చేప ఏ జాతి, ఎంత పెరుగుతుంది, ఇసుకలో పడుకుంటుందా రాళ్లలోనా. చేప తిండి తినడం చూపించాకే అమ్మండి. కొనేవాళ్లు కూడా ఆ చేప కళ్లు విడివిడిగా తిప్పుతూ చుట్టూ చూస్తోందా, పక్క రెక్కలతో ఈదుతోందా అని గమనించండి. ఆరోగ్యంగా ఉన్న రాస్ ఊరికే తిరిగేటప్పుడు తోక పెద్దగా వాడదు.

సంపాదకులుగా మీకు విన్నపం ఒక్కటే. ఇకపై రాస్ ఫొటో వేసే కథనంలో, ఫొటో కింద ఆ చేప జాతి పేరు, పెద్దయ్యాక కొలత, కనీసం ఎన్ని లీటర్ల ట్యాంకు, ఎంత లోతు ఇసుక, 6 మి.మీ. వల మూత అన్న ఒక్క వాక్యం వేయించండి.

ఇట్లు
ఉప్పునీటి అక్వేరియంలో రాస్ చేపలు పెంచుతున్నవాళ్లం